కాషాయం కట్టిన నా జోడీ

బ్యాంకాక్,
ఆగస్టు 2, బౌద్ధ శకం 2537

పూజ్యులు సుధీరో స్వామివారి పాదాలకు,
అక్క ఇంగ్ నేలకు నుదురు తాకించి రాసుకొనునది.

ఇంతవరకూ బాగానే కుదిరింది కదా. ఇక ముందు ఎలా ఉంటుందో నాకే తెలియదు. పుట్టిన దగ్గర్నుంచి "ఒరేయ్ తాన్" అని పిలిచిన తమ్ముడు గుండు చేయించుకుని, కాషాయం కట్టుకుని, పాళీలో పేరు మార్చుకుంటే అక్క నోరు ఒక్క రోజులో మారుతుందా? తప్పు దొర్లితే ఆ పాపంలో సగం మీరు పంచుకోండి. డబుల్స్ ఆడేవాళ్లకు అది అలవాటే.

అమ్మ ఫోన్ చేసింది. నాన్న పోయిన రోజు మొక్కుకున్నది తీరిందట. ఇక ఆయన మీ కాషాయ చీవరం అంచు పట్టుకుని పైలోకాలకు వెళ్తాడట. ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. నాకూ సంతోషమే. వర్షాకాలం మూడు నెలలూ ఆరామంలో ఉండి, పున్నమి వెళ్లాక కాషాయం విడిచి వచ్చేస్తారు కదా, అందరు కొడుకుల్లాగే. నేను ఆ పున్నమి కోసమే చూస్తున్నాను.

క్యాంపు సంగతులు. మీరు వచ్చేదాకా ఆడమని మన కోచ్ ప్రచువప్ సార్ నాకు ఒకణ్ణి అంటగట్టారు. బ్యాంకాక్ పిల్లవాడు, ఇరవై ఒక్కేళ్లు, పేరు గోల్ఫ్. వాళ్ల నాన్నకు ఆ ఆటంటే పిచ్చి, కొడుక్కి ఆ పేరే పెట్టుకున్నాడు. గోల్ఫ్ అని పిలిపించుకుంటూ షటిల్ ఆడేవాణ్ణి చూసి క్యాంపంతా నవ్వుతుంది, వాడు కూడా నవ్వుతాడు. కోపం రాదు, అదొక్కటే వాడిలో మంచి గుణం. సింగిల్స్ ఆడి పెరిగినవాడు కదా, కోర్టంతా తన తాత ఇచ్చిన తోట అనుకుంటాడు. నిన్న నా నెత్తి మీదుగా స్మాష్ కొట్టబోయి రాకెట్ అంచుతో నా చెవి గీశాడు.

"సారీ అక్కా, మీరక్కడ ఉన్నారని చూసుకోలేదు" అన్నాడు.

డబుల్స్‌లో పక్కమనిషి ఉందని చూసుకోకపోవడం ఏమిట్రా? చూశారా, "రా" వచ్చేసింది. మన్నించండి.

నాకు పదిహేనేళ్లప్పుడు సార్ నన్ను గోడకు నిలబెట్టి ఎత్తు చూసి, "సింగిల్స్‌కు చాలవమ్మా, డబుల్స్ ఆడు" అన్నారు. నాన్న లారీలో ఇంటికొస్తూ దారంతా ఏడ్చాను, గుర్తుందా? మీరు నా ఒళ్లో నిద్రపోతున్నారు, ఏం గుర్తుంటుంది. ఆ తర్వాత ఎంతమంది పక్కన నిలబడ్డానో. ఒకామె పెళ్లి చేసుకుని వెళ్లింది. ఒకామె విమానంలో ఉద్యోగం వచ్చిందని వెళ్లింది. ఇంకొకామె నాలుగు మ్యాచులు గెలవగానే నన్ను వదిలేసి సింగిల్స్‌కు తిరిగి వెళ్లింది. సింగిల్స్ వాళ్లకు ఓడిపోతామని భయం. మాకు వదిలేసి వెళ్లిపోతారని భయం. మీరు పెద్దయి నా వెనక నిలబడ్డాకే ఆ భయం పోయింది.

వచ్చే మార్చిలో జట్టు యూరప్ వెళ్తుంది. డిసెంబరు మొదటివారంలో ఎంపిక పోటీలు, పేర్లు నవంబరు మధ్యకల్లా ఇవ్వాలి. నాకు ఇరవై ఎనిమిది. నెట్ దగ్గర వంగి లేచినప్పుడల్లా మోకాలు సార్‌కు వినపడేంత చప్పుడు చేస్తోంది. ఇది తప్పితే నాకు ఇంకో యూరప్ లేదు.

భిక్షాపాత్ర ఎడమచేత్తో పట్టుకోండి. కుడి మణికట్టు బిగుసుకుపోతే మళ్లీ తేలిక పడటానికి నెల పడుతుంది.

ఇట్లు,
నమస్కారాలతో మీ అక్క
ఇంగ్

—

అరణ్య ఆరామం, నాన్,
శ్రావణ శుద్ధ దశమి

ఉపాసిక వన్‌విసాకు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ఇక్కడి నుంచి ఇంటి పేరుతో ఇంగ్ అని రాయకూడదు, అందుకే మీ అసలు పేరు రాయాల్సి వచ్చింది. ఈ భిక్షువు ఆరోగ్యంగా ఉన్నాడు. ఒంటిపూట భోజనం అలవాటైంది. వేకువనే కొండ దిగి పల్లెకు భిక్షకు వెళ్తాం. జిగురు అన్నం, పచ్చిమిరప నూరిన కారం, ఒక్కోరోజు అరటిపండు. జలగలు మాత్రం రోజూ భిక్షువులనే భిక్ష అడుగుతున్నాయి.

ఇక్కడి ముఖ్యమైన పని ఆకులు ఊడవడం. ఊడ్చిన చోటే మళ్లీ రాలుతాయి. మొన్న పెద్దస్వామి వెనక నిలబడి చాలాసేపు చూసి, "ఎవర్ని కొడుతున్నావు నాయనా?" అన్నారు. చూసుకుంటే చీపురు బ్యాక్‌హ్యాండ్ పట్టులో ఉంది. ఆకులు నెట్ దాటినట్టు ఎగిరిపోతున్నాయి. ఆయన నవ్వారు, ఈ భిక్షువుకు నవ్వు రాలేదు.

నిజం రాయాలి కదా. కళ్లు మూసుకుని కూర్చుంటే ఊపిరి కనపడదు, కోర్టు కనపడుతుంది. చేతులు ఖాళీగా ఉన్నా మనసు బేస్‌లైన్ దగ్గరే తిరుగుతోంది. పోయిన ఏడు సెమీఫైనల్లో ఈ చేతులు వదిలేసిన ఆఖరి షటిల్ రోజూ వచ్చి పడుతోంది. ఇది ఎప్పటికి తేలుతుందో తేలాలి. అంతవరకు ఏ మాటా ఇవ్వలేని స్థితి.

గోల్ఫ్ గారి మీద ఓర్పు వహించండి. కొత్తవాళ్లు చుట్టూ చూసుకోవడం ఆలస్యంగా నేర్చుకుంటారు. ఒకప్పుడు మీ చెవి గీసినవాళ్లు ఇంకొకరు కూడా ఉన్నారు.

మేలు కలుగుగాక.
సుధీరో భిక్షు

—

బ్యాంకాక్,
సెప్టెంబరు 5

పూజ్యులైన స్వామివారికి,

మీ ఉత్తరం చదివి మంచం మీద గెంతాను. మనసు కోర్టులోనే తిరుగుతోందన్న వాక్యం క్యాంపులో అందరికీ చదివి వినిపించాను. సార్‌కు కూడా. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అయితే తాన్ వస్తున్నాడు" అని మన పేర్లు జంటగా రాసేసుకున్నారు. అమ్మ కూడా ఫోన్‌లో అదే చెప్పింది: "వాడు రోజులు లెక్కపెట్టుకుంటున్నాడే, నీకెందుకు బెంగ."

జకార్తా వెళ్లొచ్చాను. అక్కడ మొదటి రౌండులోనే పోయాం. సిగ్గుచేటు. ఆఖరి గేమ్‌లో మా ఇద్దరికీ సరిగ్గా మధ్యలో, చిన్న పిల్ల అయినా తీసే షటిల్ పడింది. నేను కదల్లేదు, వాడు కదల్లేదు.

"మీదనుకున్నాను అక్కా" అన్నాడు.

"వెనకపడ్డవన్నీ నీవేరా" అన్నాను.

"వెనకపడలేదు. మధ్యలో పడింది. మీరు ఇంకా వెనక మీ తమ్ముడున్నాడనుకునే ఆడుతున్నారు."

విమానంలో వాడి పక్క సీటు మార్పించుకున్నాను. సార్ మన పేర్లు రాసుకున్న సంగతి తెలిశాక వాడు మొదటిసారి మొహం ముడుచుకున్నాడు. "అయితే నేనెవర్ని? వాన పడితే వేసుకునే గొడుగునా?" అన్నాడు. నిజానికి అంతే కదా.

మోకాలికి ఐస్ పెట్టుకుంటూ రాస్తున్నాను, అక్షరాలు తడిసిపోతే ఏమీ అనుకోకండి. మీ రాకెట్‌కు కొత్త తీగ వేయించాను. పాత బిగుతే చెప్పాను.

త్వరలో దర్శనం.
ఇంగ్

—

అరణ్య ఆరామం, నాన్,
భాద్రపద బహుళ తదియ

ఉపాసిక వన్‌విసాకు ఆశీస్సులు.

వానలకు కొండదారి తెగి, టపా రావడం ఆగిపోయింది. ఆగస్టు తర్వాత మీ నుంచి ఏదీ అందలేదు. అమ్మగారు మాత్రం ఊరి ఆడవాళ్లతో కలిసి కొండ నడిచి ఎక్కి వచ్చారు, ఇంటి తోటలోని లిచీలాంటి లమ్యాయి పండ్లు ఎండబెట్టినవి తెచ్చారు.

మీకు గోల్ఫ్ గారితో జోడీ చక్కగా కుదిరిందని, జకార్తాలో బాగా ఆడారని, ఇక మీకు ఎవరి అవసరమూ లేదని ఆమె చెప్పారు. విని ఒక పెద్ద బరువు దిగింది. ఈ రెండు నెలలూ ఇక్కడ కూర్చోలేకపోయిన కారణం అదే కావచ్చు, మీరు అక్కడ ఒంటరిగా ఉన్నారనే ఆలోచన.

ఇప్పుడు పున్నమి తర్వాత కూడా కొంతకాలం ఉండాలనిపిస్తోంది. పెద్దస్వామి కాదనలేదు. ఉండమని కూడా అనలేదు. ఆయన ఏదీ అనరు. అదొక కష్టం.

గోల్ఫ్ గారికి శుభం చెప్పండి.
సుధీరో భిక్షు

—

బ్యాంకాక్,
అక్టోబరు 3

స్వామివారూ,

ఎవరు చెప్పారు మీకు? ఎవరికి కుదిరింది జోడీ? జకార్తాలో మేం బాగా ఆడామా? మొదటి రౌండులో ఓడిపోయి, సామాన్లు విప్పకుండానే తిరిగొచ్చాం!

అమ్మకు ఫోన్ చేశాను. ముందు తప్పించుకుంది. గట్టిగా అడిగితే, "వాడు బెంగపడతాడని అలా చెప్పానే" అంది. మరి నాకు? "నువ్వు బెంగపడతావని ఇలా చెప్పానే." నెట్ పక్కన నిలబడి చెరోవైపూ చెరో అబద్ధం సర్వ్ చేస్తోంది మన తల్లి. ఆఖర్న అసలు మాట అనేసింది. "వాడు కాషాయం విడిస్తే మీ నాన్న సగం దారిలో ఉండిపోతాడు ఇంగ్."

నాన్న సగం దారిలో ఉండిపోతే నా తప్పా? ఇక్కడ నేను ఎక్కడున్నాను? సార్ పేర్లు రాసేసుకున్నారు. క్యాంపులో అందరికీ నీ ఉత్తరం చదివి వినిపించానురా. "మనసు కోర్టులోనే ఉంది" అని రాస్తావు, వస్తావనుకోనా? "మాట ఇవ్వలేను" అని కింద రాస్తే అది ఎవరికి కనపడుతుంది? నువ్వు ఎప్పుడూ ఇంతే. నెట్ దగ్గర పడేస్తావో వెనక్కి కొడతావో ఆఖరి నిమిషం దాకా తేల్చవు. ఎదుటివాళ్లతో ఆ తెలివి బాగుంటుంది. నాతో వద్దు.

నేనే వస్తున్నాను. పున్నమి రోజుకు అక్కడుంటాను.

నమస్కారాలు పెట్టాలని తెలుసు. పెట్టాననుకో.
ఇంగ్

—

అరణ్య ఆరామం, నాన్,
ఆశ్వయుజ బహుళ విదియ

అక్కా,

ఇలా రాయకూడదు, కానీ మొన్న జరిగింది "ఉపాసిక"కు రాయలేను.

నువ్వు బస్సు దిగి కొండెక్కి వచ్చావు. శాల నిండా పల్లెజనం. నువ్వు ఆడవాళ్ల వరసలో కూర్చున్నావు, మోకాలు మడవలేక ఒక కాలు పక్కకు పెట్టుకుని. భిక్షువు ఆడవాళ్ల చేతి నుంచి ఏదీ నేరుగా అందుకోకూడదు, అందుకే నీ సంచికి నా ముందు గుడ్డ పరిచాను. నువ్వు ఆ గుడ్డ వంక చూసిన చూపు నేను ఇప్పటికీ తుడవలేకపోతున్నాను. సంచిలో ప్యాంటు, చొక్కా, రాకెట్. శాలలో అందరూ చూశారు. ఒక ముసలామె ముసిముసిగా నవ్వింది.

తర్వాత నువ్వు సూటిగా పెద్దస్వామినే అడిగావు. "మా తమ్ముణ్ణి ఎప్పుడు పంపుతారు?"

ఆయన నవ్వి, "ఇక్కడ తలుపులకు గడియల్లేవమ్మా. వాణ్ణే అడుగు" అన్నారు.

నువ్వు నావైపు తిరిగావు. "వస్తావా?"

నేను "ఇప్పుడు కాదు" అన్నాను.

అక్కా, నీకు వినపడింది "రాను" అని. నేనన్నది "ఇంతమందిలో కాదు, భోజనాలయ్యాక మాట్లాడదాం" అని. నీ మొహం మారిపోయింది, అయినా లేచి అందరి మధ్యలోంచి నీ వెనక పరిగెత్తడానికి నాకు వీల్లేదు. భోజనం అవగానే పెద్దస్వామి కుటీరానికి వెళ్లి, కాషాయం విడవడానికి అనుమతి అడిగాను. అవును, అడిగాను. ఆయన "వచ్చే నెల చీవరదానం పండుగ దాకా ఆగు. అప్పటికీ ఇదే మాట అంటే నేనే పంపిస్తాను" అన్నారు.

ఆ మాట నీకు చెప్పాలని బయటికి వస్తే నువ్వు కూరగాయల బండెక్కి వెళ్లిపోయావని చెప్పారు.

వస్తాను. సార్‌కు చెప్పు. నవంబరు మధ్యకల్లా వచ్చేస్తాను. నీకోసం వస్తాను.

తాన్

—

బ్యాంకాక్,
అక్టోబరు 25

పూజ్యులైన సుధీరో స్వామివారికి,

ఈసారి కోపంతో కాదు, బుద్ధిగా రాస్తున్నాను.

ఆ రోజు శాలలో పెద్ద తప్పు చేశాను. దేవుడి గదిలోకి చెప్పులతో వచ్చినదానిలా వచ్చాను. మీరు "ఇప్పుడు కాదు" అన్నప్పుడు మొదట ఒళ్లు మండింది. బండిలో క్యాబేజీ బుట్టల మధ్య కూర్చుని కొండ దిగుతూ నోటికొచ్చినట్టు తిట్టాను, డ్రైవరు భయపడ్డాడు. బస్సు ఎక్కాక మంట చల్లారింది. అంతమంది పల్లెవాళ్లు మీకు నుదురు ఆనించి మొక్కడం చూశాను. మీరు ఎవరినీ చూడకుండా కూర్చున్న తీరు చూశాను. మీరు నా వెనక నిలబడి సర్వ్‌కు ముందు కాళ్లు మార్చుకుంటూ ఊగేవారే, ఆ ఊపు లేదు మీలో. అది పోవాలనే కదా వెళ్లారు. నేను రాకెట్ పట్టుకొచ్చి మళ్లీ ఊపాను.

క్యాంపుకు రాగానే సార్ దగ్గరకు వెళ్లి మన పేర్లు కొట్టేయమన్నాను. గోల్ఫ్‌ను పిలిపించాను. ఎంపిక పోటీల్లో ఒక్క విభాగమే ఆడనిస్తానని సార్ ముందే చెప్పారు. వాడు సింగిల్స్‌లో ఈ ఏడు గెలిచే మనిషి.

"సింగిల్స్ వదిలి నాతో ఆడతావా?" అని అడిగాను. అడిగే హక్కు నాకు ఎక్కడుంది, అయినా అడిగాను.

వాడు బూటు లేసు కట్టుకుంటూ, "గొడుగుగానా?" అన్నాడు.

"కాదు. వర్షాకాలం అయిపోయింది."

లేసు కట్టడం పూర్తి చేసి లేచి, సార్ గదికి వెళ్లి సింగిల్స్‌లోంచి పేరు తీయించుకుని వచ్చాడు. ఎందుకని అడిగితే, "మీతో ఆడితే ఓడినా తిట్టడానికి ఒక మనిషి ఉంటుంది అక్కా. సింగిల్స్‌లో నన్ను నేనే తిట్టుకోవాలి" అన్నాడు. వాడికి బుద్ధుందో లేదో చెప్పలేను.

అమ్మ మాట వినండి. నాన్నను దారిలో వదలకండి. ఉండండి.

మీ అక్క
ఇంగ్

—

బ్యాంకాక్,
నవంబరు 9

తాన్,

నీ ఉత్తరం ఇవాళే చేరింది. నాది నీకు చేరి ఉంటుందా? చేరకపోతే ఇది ముందు చదువు. రావద్దు.

"ఇప్పుడు కాదు" అంటే ఇంతమందిలో కాదనా! ఆ ఒక్క ముక్క కలిపి అంటే ఏం పోయేదిరా? చీపురు బ్యాక్‌హ్యాండ్‌లో పట్టుకుంటావు, మాట మాత్రం సగంలో వదిలేస్తావు.

ఉత్తరం పట్టుకుని సార్ గది ముందు దాకా వెళ్లాను. తలుపు మీద చెయ్యి కూడా వేశాను. ఇంకా గడువు ఉంది, పేర్లు మార్చొచ్చు. నువ్వొస్తే మనమే గెలుస్తాం, నాకు తెలుసు, సార్‌కు తెలుసు. లోపల గోల్ఫ్ నవ్వు వినపడింది. వాడి పేరు సింగిల్స్‌లో లేదు. ఇప్పుడు వాణ్ణి వదిలేస్తే వాడికి ఈ ఏడు ఏ కోర్టూ లేదు. నన్ను వదిలేసి వెళ్లినవాళ్లందరి మొహాలూ ఆ తలుపు మీద కనపడ్డాయి. తిరిగి వచ్చేశాను.

ఇంకో సంగతి. "నీకోసం వస్తాను" అని రాశావు. అలా రాకు. నాకు ఏం ఇచ్చి తీర్చను అది? ఒక్క సర్వ్ నెట్‌కు తగిలినా, వీణ్ణి దేవుడి దగ్గర్నుంచి లాక్కొచ్చాను కదా అని బిక్కచచ్చిపోతాను. అలా ఆడలేను.

రావద్దు. కచ్చితంగా రావద్దు.
ఇంగ్

—

లాంఫూన్,
డిసెంబరు 11

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ నిన్ననే ఒకేసారి చదివాను. ఆరామం నుంచి పెద్దస్వామి పంపించారు. కొండదారి మళ్లీ తెగిందట. నువ్వు "రావద్దు" అని రాసేసరికి ఇంకా అక్కడే ఉన్నాను. అది కొండెక్కేసరికి చీవరదానం పండుగ అయిపోయింది, నేను పెద్దస్వామి ముందు మూడుసార్లు మొక్కి కాషాయం విడిచి, నువ్వు తెచ్చిన ప్యాంటు వేసుకుని కొండ దిగిపోయాను. ప్యాంటు వదులైంది. తాడు కట్టుకున్నాను.

ముందు ఇంటికి వెళ్లాను. అమ్మ వాకిట్లోనే నిలబడి నా తల వైపు, చొక్కా వైపు చూసింది. ఖావో సోయ్ నూడుల్స్ వండింది, రెండోసారి వడ్డించింది. గిన్నె కడుగుతూ అటు తిరిగి అడిగింది: "మీ నాన్న ఇప్పుడు ఏది పట్టుకుంటాడ్రా?"

"నాన్న లారీ డ్రైవరమ్మా. దారి వెతుక్కుంటాడు" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది. తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నా చొక్కాకు బొత్తాం కుట్టింది. ఆమెను అలా వదిలి రాలేక, నవంబరు మధ్యకల్లా వస్తానన్న గడువు దాటించేశాను.

ఎంపిక పోటీల ముందురోజు రైలెక్కి బ్యాంకాక్ వచ్చాను. సార్ గదికి వెళ్లాను, చార్టు మీద నీ పక్కన గోల్ఫ్ పేరు చూశాను. ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా గ్యాలరీలో పైన కూర్చున్నాను.

ఇప్పుడు రాయబోయేది చదివి తిట్టుకో. నువ్వు ఓడిపోవాలని కూర్చున్నాను. నేను లేక ఓడిపోయావని నీకు తెలియాలని, అందరికీ తెలియాలని. ఫైనల్ మూడో గేమ్‌లో మీరు తొమ్మిది–నాలుగు మీదున్నప్పుడు నువ్వు తల ఎత్తావు, నన్ను చూశావు. ఆ తర్వాత నీ సర్వ్ నెట్‌కు తగిలింది. మళ్లీ తగిలింది. అవతలి సైన్యం క్లబ్బువాళ్లు ఎక్కుతూ ఎక్కుతూ పదికి వచ్చేశారు. నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పలేను, సిగ్గేస్తోంది. అప్పుడు గోల్ఫ్ నీ దగ్గరికి వచ్చి రాకెట్ అడ్డం పెట్టుకుని ఏదో అన్నాడు. నువ్వు పకపకా నవ్వావు. మ్యాచ్ మధ్యలో నువ్వు నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. నాతో ఆడిన నాలుగేళ్లలో ఒక్కసారి కూడా.

అక్కణ్ణుంచి వాళ్లకు ఒక్క పాయింటు ఇవ్వలేదు మీరు.

గెలిచారు. ముందు కోపం వచ్చింది, చెవులు వేడెక్కాయి. తర్వాత ఆ కోపం మొయ్యడానికి కూడా ఎవరూ లేనట్టనిపించింది. వర్షాకాలమంతా కళ్లు మూసుకుని కూర్చున్నా రానిది, ఆ గోలలో, వేరుశనగ తొక్కల మధ్య, కాసేపు వచ్చింది. మనసు ఎక్కడికీ వెళ్లలేదు. ఆ సెమీఫైనల్ షటిల్ కూడా రాలేదు. బయటికొచ్చేసరికి పోయిందనుకో.

ముందు గేటు దగ్గర నీ కోసం నిలబడ్డాను. లైట్లార్పే మనిషి వచ్చి వెళ్లమనే దాకా ఉన్నాను. నువ్వు రాలేదు. కోపమా? వచ్చినందుకా, చెప్పకుండా వచ్చినందుకా?

ఇంటికి తిరిగొచ్చేశాను, ఇక్కడ మన తోటలో కొమ్మలు కొట్టే పని ఉంది, చేస్తున్నాను. మళ్లీ ఆడతానో, మళ్లీ గుండు చేయించుకుంటానో తెలియదు. రెండూ ఒకేరోజు అనిపిస్తాయి. ఒక్కటి మాత్రం చెప్పు. గోల్ఫ్ నీతో ఏమన్నాడు?

నీ తమ్ముడు
తాన్

—

కోపెన్‌హాగెన్,
మార్చి 15, బౌద్ధ శకం 2538

ఒరేయ్ తాన్,

జవాబు రాయడానికి మూడు నెలలు పట్టింది. రాద్దామని కూర్చోవడం, లేచి ప్రాక్టీసుకు పోవడం. ఇక్కడ మంచు వల్ల ప్రాక్టీసు హాలు పొద్దున ఇవ్వలేదు, అందుకని దొరికిపోయాను.

ముందు గోల్ఫ్ అన్నది. వాడికి నువ్వెవరో తెలియదు, ఫోటో కూడా చూడలేదు. నా చూపు ఎటు పోతోందో గమనించి నా దగ్గరికి వచ్చి, "అక్కా, పైన కూర్చున్నాయనకు కనుబొమ్మలు లేవు. ఉడికించిన గుడ్డుకు కోపమొచ్చినట్టున్నాడు. అటు చూడకండి, నాకూ భయంగా ఉంది" అన్నాడు. గుండుతో పాటు కనుబొమ్మలు కూడా గీస్తారన్న సంగతి వాడికి అప్పుడు తట్టలేదు. నువ్వు నిజంగానే అలా ఉన్నావురా. నవ్వు ఆగలేదు. తర్వాత చెప్పాను ఆయన మా తమ్ముడని. వాడు మొహం కప్పుకుని కుర్చీ కింద దూరాడు.

ఇక గేటు సంగతి. నువ్వు ముందు గేటు దగ్గర ఉంటావని నాకు తెలుసు. బూట్లు మార్చుకుంటూనే తెలుసు. నేను వెనక గేటు నుంచి వెళ్లిపోయాను, వంటశాల దారిలో, గిన్నెలు తోమేవాళ్లను దాటుకుంటూ. కోపంతో కాదు. నువ్వు ఎదురుపడితే "వచ్చేశావు కదా, రా, ఆడదాం" అని నా నోట్లోంచి వచ్చేసేది. గోల్ఫ్ పక్కనే ఉన్నా, సార్ ఉన్నా, చేతిలో గెలిచిన కప్పు ఉన్నా వచ్చేసేది. ఆ మాట రాకుండా నన్ను నేను ఆపుకోలేనని తెలిసి, కాళ్లను ఆ దారిన నడిపించాను. వీధి చివరి దాకా వెళ్లాక మోకాలు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నేను ఓడిపోవాలని కోరుకున్నందుకు నిన్ను తిట్టుకోమన్నావు కదా, తిట్టను. నేను కూడా ఆ క్షణంలో ఓడిపోతే బాగుండనుకున్నాను. అప్పుడు నువ్వు రావడానికి ఒక కారణం దొరికేది.

ఇక్కడ రెండు రౌండ్లు గెలిచాం. చలికి షటిల్ బద్ధకంగా ఎగురుతుంది, గోల్ఫ్ భుజం పడిపోతోంది. ఎంత కొట్టినా ఇంకా కొట్టాల్సి వస్తోందని ఏడుస్తున్నాడు. వీధిలో మంచు మీద జారి పడి, లేచి, మళ్లీ కావాలనే జారాడు. రేపు ఈ ఊరివాళ్లతో మా మ్యాచ్. అబ్బాయి తాటిచెట్టంత. ఆ అమ్మాయి నా కన్నా తలన్నర ఎత్తు, చేయి చాపితే నెట్ ఈ చివర నుంచి ఆ చివరకు అందుతుంది. సార్ నిన్న ఇంకో ఏడు ఆడతావా అని అడిగారు. మోకాలి గురించి చెప్పబోయి, "ఆడతాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ రోజు మాత్రం ఎవరి మొహమూ తలుచుకోలేదు, నాకు ఆడాలనిపించింది, అంతే.

నీకు కొమ్మలు కొట్టాలనిపిస్తే కొట్టు, గుండు చేయించుకోవాలనిపిస్తే చేయించుకో. నేను రాకెట్ పట్టుకుని కొండెక్కను. అమ్మకు కూడా చెప్పాను, ఇక నీ గురించి నాకు, నా గురించి నీకు ఏ కబురూ మొయ్యొద్దని. "సరేనే" అంది. నమ్మకు.

రేపు ఓడిపోతే ఏప్రిల్లో ఇంటికొస్తాను, గెలిస్తే మే నెలలో. ఎప్పుడొచ్చినా ముందుగా ఉత్తరం రాయను. మన ఉత్తరాలు ఎప్పుడూ అవతలివాడు కదిలిపోయాకే చేరాయి. నేనే వచ్చి తలుపు తడతాను. ఉంటే తియ్యి.

అక్క
ఇంగ్